మాట పూర్తయ్యేదాకా

మార్చి 3, సోమవారం

కాగితం మీద నాకు నత్తి లేదు. అందుకే రాస్తున్నాను.

కొత్త ఫ్లాట్‌కి వచ్చి వారమైంది. స్విచ్చులు లేవు. ఒక్కటంటే ఒక్కటి కూడా. లైటు, ఫ్యాను, కర్టెన్లు, పొయ్యి, గీజరు అన్నీ నోటితో చెప్తేనే. ఇలాంటి ఇంట్లో మనుషులు ఎలా మసలుతారో చూడాలని, కట్టిన కంపెనీయే మమ్మల్ని ఇందులో ఉండమంది. మా ఆవిడ ఎగిరి గంతేసి సంతకం పెట్టేసింది. తను స్విమ్మింగ్ కోచ్. కొలను ఈ ఒడ్డున నిలబడి అరిస్తే ఆ ఒడ్డున పిల్లల కాళ్ళు వాటంతట అవే ఆడతాయి. తను "లైట్" అంటే పక్క ఫ్లాట్‌లో కూడా వెలుగుతుందేమోనని నా అనుమానం.

నేను "క" దగ్గర ఆగిపోతాను. "ప" దగ్గర కూడా. ఈ ఇంటి ముందైతే "ల", "ఫ" దగ్గర కూడా. "క... క..." అంటుండగానే ఇల్లు "క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది. మళ్ళీ మొదలుపెడతాను. మళ్ళీ క్షమించమంటుంది. ఇంత మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు.

మార్చి 5, పొద్దున

"తెర తియ్యి" అన్నాను. తెర నాకు సులువు. ఇంటికి తెర అంటే తెలీదట. కర్టెన్ అనాలట.

ఆ మసక వెలుతురులోనే చొక్కా గుండీలు పెట్టుకున్నాను. షాపుకెళ్ళి చూసుకుంటే ఒకవైపు కిందకి, ఒకవైపు మీదకి.

మార్చి 8, శనివారం

షాపులో నాకు ఇబ్బంది లేదు. కళ్ళజోళ్ళ షాపు. రోజంతా అనేది ఒకటే మాట: "ఇది బాగుందా, ఇందాకటిదా?" అరిగిపోయిన మాటకి నత్తి పట్టదు. పైగా కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు అద్దంలో తమ మొహం తప్ప నా మొహం చూడరు.

సాయంత్రం మా ఆవిడ డాక్టరు దగ్గర్నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేసింది. మూడో నెల.

నేనే వంగి తన చెప్పులు విప్పాను.

రాత్రి భోజనాల దగ్గర ఒక షరతు పెట్టింది. బుధవారం వాళ్ళ నాన్న వస్తున్నాడు. ఇంటి పైకప్పు బాగుచేయిస్తున్నారు కాబట్టి నెల్లాళ్ళు మా దగ్గరే. ఈ కబురు ఆయనకి నేనే చెప్పాలట. మీ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళుగా నేను మైకులా నిలబడ్డాను, ఈ ఒక్కటీ నీ నోటితో చెప్పు అంది.

సరే అన్నాను. "సరే" కూడా నాకు సులువు.

మార్చి 12, బుధవారం

మామగారు దిగారు. చేపల మార్కెట్‌లో వేలం పాడి పాడి రిటైరైన మనిషి. ఆయన ఊపిరి తీసుకునేలోపు పది బుట్టలు అమ్ముడుపోయేవట. ఇప్పటికీ అదే వేగం. చూస్తే మాటలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని బయటికి దూకుతున్నట్టుంటుంది.

టీ తాగుతుండగా మొదలుపెట్టాను. "మామగారూ, మాకు ప... ప..."

పరుపు కావాలా అన్నారు. ఉందన్నట్టు తల ఊపాను. అయితే పని మనిషా అన్నారు. పక్కవాళ్ళతో గొడవా అన్నారు. చివరికి పకోడీలు తినాలనుందని ఆయనే తేల్చేసి, కూతురికి కేక వేశారు.

పకోడీలు బాగున్నాయి. తిన్నాను.

ఆయన మంచివాడు. నా మాట నా నోట్లో నలిగిపోతుంటే చూడలేక సాయం చేస్తాడు. బస్సెక్కలేని మనిషిని చెయ్యిపట్టి పైకి లాగినట్టు. కాకపోతే నేనెక్కాల్సింది ఆ బస్సు కాదు.

అదే రోజు, పడుకోబోయే ముందు

రాయకుండా ఉండలేను. మామగారు గదిలోకెళ్ళి "లైటార్పిఫ్యానేసిగీజరాపు" అన్నారు. అంతా ఒకటే మాట. ఇల్లు క్షమించమంది. ఆయన ఇంకా వేగంగా అన్నారు. ఇంకోసారి క్షమించమంది.

గోడ ఇవతల నేను దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

మార్చి 15, శనివారం

మా ఆవిడ పిల్లల్ని పోటీలకి తీసుకెళ్ళింది. రేపు వస్తుంది. ఇంట్లో మేమిద్దరమే. ఒకడు మొదలుపెట్టలేడు, ఒకడు ఆగలేడు.

పొద్దు వాలింది. హాల్లో చీకటి. నేను ప్రయత్నించాను. మామగారు ప్రయత్నించారు. ఇల్లు ఇద్దరికీ సమానంగా క్షమాపణ చెప్పింది. పొయ్యి వెలగలేదు. బ్రెడ్డు, అరటిపళ్ళు తిన్నాం. ఆయన ఫోన్ టార్చి పట్టుకుంటే నేను ఒలిచాను.

చీకట్లో మొహాలు కనపడవు కదా, ఇదే అదను అనుకున్నాను. "మామగారూ, మీరు తా... తా..." ముఖ్యమైన మాటైతే ఏ అక్షరమైనా పట్టేస్తుంది.

తాళం వేసేశానని చెప్పారు. రెండుసార్లు లాగి చూశారట కూడా.

కాసేపటికి మా ఆవిడ ఫోన్ చేసింది. సంగతి విని పగలబడి నవ్వింది. స్పీకర్‌లో పెట్టమంది. ఎక్కడో కొలను పక్కన నిలబడి "లైట్!" అని అరిచింది. ఇక్కడ వెలిగింది.

మామగారు, నేను ఒకరినొకరు చూసుకున్నాం. అరటితొక్క ఆయన భుజం మీదుంది.

మార్చి 18, మంగళవారం

కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. జనం ఇంటితో ఎలా మాట్లాడుతున్నారో చూడ్డమే ఆమె ఉద్యోగం. నేనొక్కడినే ఉన్నాను. కాస్త తడబడుతూ చెప్పింది: ఇల్లు అందుకున్న మాటలన్నీ ఒక్క గొంతువే కాబట్టి, వాళ్ళ రికార్డుల ప్రకారం ఈ ఫ్లాట్‌లో ఉంటున్నది ఒక్కరే. ఇద్దరికని కదా ఇచ్చింది, రెండో మనిషి ఏమయ్యారో అడగడానికొచ్చిందట.

"నే... నే... నేనే" అన్నాను.

ఆమె తల ఊపలేదు, మాట అందివ్వలేదు, వాచీ చూసుకోలేదు. ఊరికే కూర్చుంది. నేను ముగించాక అడిగింది: "మీరు ఏ మాటలు తప్పించుకుని తిరుగుతారు సార్?"

ముప్ఫయ్యారేళ్ళొచ్చాయి. ఇంతవరకు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నత్తి ఎందుకొచ్చింది అని అడిగారు. ఎప్పుడు పోతుంది అని అడిగారు. ఇది మాత్రం అడగలేదు. నేను చెప్తూ పోయాను. కర్టెన్. పొయ్యి. మా షాపు పేరు. నా పేరు.

మనిషి కాస్త నోరాపితే చాలు, మాట అయిపోయిందని ఇల్లు అనుకుంటుందట. ఆ కాస్త ఎంతో వాళ్ళు గడగడా మాట్లాడేవాళ్ళని విని ఖాయం చేశారట. అది పెంచుతానంది. మాట మధ్యలో ఆగితే కాచుకుని ఉండేలా చేస్తానంది. తెర కూడా నేర్పుతానంది.

తెర అక్కర్లేదన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

మార్చి 21, పొద్దున

"క... క... క..."

ఇల్లు ఏమీ అనలేదు.

"క... కర్టెన్ తియ్యి."

తీసింది. ఎండ నా పాదాల దాకా వచ్చింది. మళ్ళీ వేయించాను. మళ్ళీ తీయించాను. షాపుకి ఆలస్యంగా వెళ్ళాను. మా యజమాని ఏమయిందని అడిగితే, కర్టెన్లన్నాను. అక్కడా ఆగి ఆగి, పూర్తిగా అన్నాను.

మార్చి 22, శనివారం

ఇప్పుడు కష్టమంతా మామగారిది. ఆయన చెప్పేశాక కూడా ఇల్లు ఇంకేమన్నా ఉందేమోనని చూస్తుంది. ఆ నిశ్శబ్దం ఆయన భరించలేరు. ఫ్యానెయ్యి అంటారు. వినపడలేదా అంటారు. చెవుడేమిటే నీకు అంటారు. సర్లే వద్దు అంటారు. ఇల్లు అంతా విని, చివరి మాట పట్టుకుని, వెయ్యడం మానేస్తుంది.

మా ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేర్పింది. చెప్పేది ముక్కలు ముక్కలుగా చెప్పాలి. చెప్పాక, నీళ్ళలో మునిగినట్టు ఊపిరి బిగబట్టాలి. ఫ్యాను తిరిగాక వదలాలి. కొలనులో కొత్త పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. ఆయన బుగ్గలు పూరించుకుని పైకి చూస్తూ కూర్చున్నారు.

తిరిగింది. చప్పట్లు కొట్టాం.

మార్చి 23

మా ఆవిడ గడువు పెట్టేసింది. వచ్చే ఆదివారంలోగా నేను చెప్పకపోతే తనే చెప్పేస్తుందట. ఇంక పొట్ట దాగదంది.

మార్చి 28, శుక్రవారం

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతున్నాం. దుప్పటి ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. "మామగారూ" అన్నాను. "మీరు తా... తా..."

ఆయన నోరు తెరిచారు. ఏదో మాట పెదవుల దాకా వచ్చింది, నాకు కనపడింది కూడా. అంతలో టక్కున మూసేశారు. బుగ్గలు ఉబ్బాయి. ఊపిరి బిగబట్టేశారు.

"తా... తా... తా..."

ఆయన మొహం ఎర్రబడింది. కళ్ళు పెద్దవయ్యాయి. పడిపోతాడేమోనని నాకు భయమేసింది. భయంలో ఇంకా గట్టిగా పట్టేసింది. దుప్పటి మా మధ్య బిగుసుకుపోయి ఉంది. అయినా ఆయన వదల్లేదు, అందివ్వలేదు.

"తా... తాతయ్య కాబోతున్నారు."

ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. దాని వెనక మాట మాత్రం రాలేదు. మా పెళ్ళయ్యాక ఆయనకి మాట రాకపోవడం ఇదే మొదలు. నేను అందివ్వలేదు. ఆయన మాట ఆయన్నే వెతుక్కోనిచ్చాను.

చివరికి అన్నారు: "అల్లుడుగారూ, ఇంకోసారి చెప్పండి."

"ఇంకోసారంటే మళ్ళీ ఇంతసేపూ ప... పడుతుంది."

"పట్టనివ్వండి. నాకేం పనుంది?"

చెప్పాను. నిజంగానే ఇంకా ఎక్కువసేపు పట్టింది. గుమ్మం దగ్గర మా ఆవిడ ఎప్పట్నుంచి నిలబడి ఉందో, ముక్కు ఎగబీల్చడం వినపడింది.

తర్వాత ఆయన దుప్పటి మడతపెడుతూ, ఇన్నాళ్ళూ మీకు సాయం చేస్తున్నాననుకున్నానండీ అన్నారు. నాకు తెలుసన్నాను. దుప్పటి వంకరగా వచ్చింది. అలాగే లోపల పెట్టేశాం.

ఏప్రిల్ 6, ఆదివారం

కంపెనీ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళకి ఇల్లు ఆగేలా చెయ్యొచ్చట. మా ఆవిడకి కొంచెం, నాకు ఎక్కువ. మామగారికి అస్సలు ఆగకుండా పెట్టమంటారా అని అడిగింది.

"వద్దమ్మా, అల్లుడుగారికున్నదే నాకూ ఉంచు" అన్నారు. "ఆ ఆగినప్పుడే నాకేం కావాలో నాకు గుర్తొస్తోంది."

పైకప్పు పని అయిపోయిందని వాళ్ళ మేస్త్రీ ఫోన్ చేశాడు. రంగులు ఆరాక వస్తానన్నారు మామగారు. రంగులింకా వేయలేదు.

డిసెంబర్ 7

ఇవాళ పాప "ఉ" అంది.

ముగ్గురం ఆగాం, తర్వాత ఏమంటుందోనని. నేను, మామగారు, ఇల్లు.

నిద్రపోయింది.