పూజకి ముందు తెల్లరంగు

నాక్‌రో, కెర్రీ
మార్చి 3

ప్రియమైన అమ్మకి,

మోకాలు ఎలా ఉంది? పిన్ని నిన్ను మెట్లెక్కనివ్వడం లేదని రాశావు. మంచిపని చేస్తోంది.

ఒక్కోసారి ఒక్కో ఇంట్లో జరిపే ఊరి పూజ వంతు ఈసారి మన ఇంటిదని ఫాదర్ టూమీ ఆదివారం చర్చిలో చదివారు. అంతా నేనొక్కదాన్నే చూసుకోవాలి. ఇరుగుపొరుగు అందరూ వస్తారు, పూజయ్యాక టీ తాగుతారు, తాగాక బాత్రూంకి వెళ్తారు. నాకు మొదట గుర్తొచ్చింది అదే. ఒక్క గోడ మీద ఎన్ని రంగులు! నీలం, గోధుమ, గులాబీ, పువ్వుల టైలు ఒకటి, చేప బొమ్మది ఒకటి. కాన్వెంటు రోజుల్లో నాతో చదివిన మోనికా చూసి "ఇది గోడా, బొంతా?" అంది. ఆ తర్వాత నేనెవర్నీ ఇంటికి పిలవలేదు. నీకు చెప్పలేదు.

కొత్త టైల్స్ నా లైబ్రరీ జీతంతో అయ్యే పని కాదు. టైల్స్ మీదే వేసే రంగు డబ్బాల్లో దొరుకుతోంది. బట్టల సోడా నీళ్ళతో జిడ్డు కడిగాను, ఉప్పుకాగితంతో రుద్దాను, సందులు నల్లబడ్డ చోట వైట్ సిమెంటు నింపాను. వద్దంటావేమోనని మొదటి పూత అయ్యాకే రాస్తున్నాను. అంతా తెల్లగా, మర్యాదగా ఉంటుంది.

నీ ఊనా


లిమరిక్
మార్చి 7

బంగారుతల్లీ,

హామ్ మాంసం ముందురోజే ఉడికించు. వేడిమీద కోస్తే చిందరవందర అవుతుంది. బంగారు అంచు కప్పులు పై అరలో ఉన్నాయి. ఫాదర్‌కి పిడి విరిగింది ఇవ్వకు. ఎదురింటి డెనిస్ నోటికి జడవకు, ఆ నోట్లో ఎప్పుడూ కేకు ఉండేట్టు చూసుకో, చాలు.

టైల్స్ సంగతి చదివాను. రెండో పూత కూడా వెయ్యి. ఎవరైనా అడిగితే అమ్మే వెయ్యమందని చెప్పు. అంతకుమించి ఏం మాట్లాడకు.

కిటికీ తీసి ఉంచు, వాసన పోవాలి.

ముద్దులతో,
అమ్మ


నాక్‌రో
మార్చి 15

అమ్మా,

ప్రియమైన అని మొదలుపెట్టడానికి మొహం చెల్లలేదు.

పూజ బాగానే జరిగింది. హామ్ సరిపోయింది. ముందు డెనిస్ బాత్రూంకి వెళ్ళాడు. బయటికొచ్చి, "ఏమ్మాయ్, దారి తప్పి ఆస్పత్రిలోకి గానీ వెళ్ళానా?" అన్నాడు. ఆ తర్వాత నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఇక ఒక్కొక్కరే వెళ్ళడం, రావడం. అంతమందికి ఒకేసారి అవసరం పడదు కదా.

చివర్న పక్కింటి హానా పెద్దమ్మ వెళ్ళింది. ఎంతకీ రాకపోతే తలుపు తోశాను. కిటికీ దగ్గర్నుంచి గోడంతా అరచేత్తో తడుముకుంటూ వస్తోంది.

"ఇదే అయ్యుండాలి నాది," అంది.

"ఏది పెద్దమ్మా?"

"నా టైలు. మీ అమ్మ నీకు చెప్పలేదూ?"

వంటింట్లోంచి డెనిస్ కేకేశాడు. "ఆ పిల్లకేం తెలుసు? ఇవతలికి రా హానా!"

అతనే చెప్పాడు. నేను పుట్టిన చలికాలం నువ్వు మంచులో పెరటి దొడ్డికి నడవలేకపోయావట. నాన్నకి పని పోయిందట. ఇంట్లోనే ఈ బాత్రూం కట్టడానికి ఇంటింటివాళ్ళూ తమ దగ్గర మిగిలిపోయిన టైల్స్ తెచ్చిచ్చారట. మన ఇంట్లో పూజ జరిగినప్పుడల్లా ఎవరి టైలు వాళ్ళు చూసుకుని వెళ్ళేవారట. "చేపది నాది," అన్నాడు టోపీ పెట్టుకుంటూ.

అమ్మే వెయ్యమందని చెప్పాను. అప్పుడు హానా పెద్దమ్మ కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

నీకు అన్నీ తెలిసి ఎందుకు వెయ్యమన్నావు? రోడ్డు మీద ఎవరి మొహమూ చూడలేక లైబ్రరీకి పొలాలకడ్డంపడి పోతున్నాను. రంగంతా గీకెయ్యనా? రాయి.

ఊనా


లిమరిక్
మార్చి 19

నా తల్లీ,

నీ ఉత్తరం పిన్నికి చూపించలేదు.

డెనిస్ చెప్పింది నిజమే. అతనికి తెలియనిది నేను చెప్తాను. ఆ గదిలో తలుపేసుకుంటే ఊరంతా గోడెక్కి నన్ను చూస్తున్నట్టుండేది. వాళ్ళెవరూ ఎన్నడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. పూజ రోజు వాళ్ళు చూసుకుని సంతోషంగా బయటికొచ్చేవాళ్ళు, నేను తలొంచుకుని టీ పోసేదాన్ని. రంగు వేసెయ్యమని మీ నాన్నని బతికున్నన్నాళ్ళూ బతిమాలాను. "ఆ ఒక్కటీ అడక్కు," అనేవాడు. నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. నిన్ను వాళ్ళ ముందు ఒంటరిగా నిలబెడుతున్నానని తెలిసీ నోరు మూసుకున్నాను.

హానా దగ్గర మిగిలిపోయిన టైల్స్ ఏవీ లేవు. తన వంటింటి గోడ నుంచి ఒకటి ఊడదీసి ఇచ్చింది. ఆ ఖాళీ మీద ఇప్పటికీ క్యాలెండరు వేలాడుతుంది. ఎప్పుడు వెళ్ళినా నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

నేనొచ్చేదాకా ఏదీ గీకకు. శనివారం బస్సు దిగి ముందు హానా ఇంటికే వెళ్తాను. నువ్వూ అక్కడికి రా, రోడ్డు మీదే రా. మాట్లాడేది నేను, నువ్వు పక్కన కూర్చో చాలు. హానా మనింటికి రానంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. వస్తే మన ఇంటికి తీసుకొచ్చి, తన టైలు ఎక్కడుందో చూపించమని అడుగుదాం. ముందు దాని మీద రంగే తీద్దాం.

తన టైలు ఏదో నాకు తెలుసనుకుని నన్ను అడిగేవు, హానా ముందు. నాకు తెలీదు. ఇన్నేళ్ళూ ఆ గదిలో కళ్ళు మూసుకునే స్నానం చేశాను.

మీ అమ్మ