ఉన్ని మేజోళ్ళలో బీరు సీసాలు

రోవెనా అక్కకి,

నేను, గ్రాంట్, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నాం. నువ్వూ, నీ చలి ఊరూ, నీ బీరు పీపాలూ కులాసా అని తలుస్తాను. ఎప్పుడూ ఈ వరసలోనే "నాన్న కూడా బాగున్నారు" అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట కొంచెం ఆగి రాస్తాను. ప్రాణానికి భయం లేదు. ఆ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కోపంగా రాశావు. "ఆ బ్యాచ్ సీసాలు ఎవరికీ అమ్మకు, ఆ గదిలోకి పోకు" అని ఫోనులో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తే ఎవరికైనా మండుతుంది. ఆ పూట అంతకంటే చెప్పలేకపోయానక్కా. కారణం చెప్పకపోతే వచ్చే నెల ఉత్సవంలో ఆ బీరే అమ్ముతానన్నావు. అందుకే పొయ్యి మీద కూర ఉన్నా పట్టించుకోకుండా ఇది రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. సీసాలు ఎలా సర్దామని అడిగావు కదా. నాన్న ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. అమ్మ అల్లిన పాత ఉన్ని మేజోళ్ళన్నీ బీరువాలోంచి తీసి, ఒక్కో సీసాకి ఒక్కోటి తొడిగారు. పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ పెట్టెలో నిలువుగా నిలబెట్టి, మధ్యలో అట్టముక్కలు దోపారు. పెట్టెని బండి వెనక ఎత్తు మీద కాకుండా ముందు సీట్ల వెనక, కింద నేలమీద పెట్టించారు. కుదుపు అక్కడే తక్కువట. పైన చల్లదనానికి తడిపిన గోనెసంచులు.

"ఒకదానికొకటి తగలకూడదమ్మాయ్. ఆ గతుకుల మీద రెండు సీసాలు రాసుకున్నాయంటే సాయంత్రానికి చేతికొచ్చేది గాజుపొడే" అన్నారు.

"మమ్మల్ని కూడా ఇంత జాగ్రత్తగా ఎత్తుకుని ఉండవు నాన్నా" అన్నాను.

"మీరు పడితే ఏడ్చేవాళ్ళు, తెలిసేది. వీటికి నోరు లేదు కదా" అన్నారు.

టైర్లలో గాలి తగ్గించామా అనడిగావు. తారు రోడ్డు అయిపోగానే, గతుకుల్లో కుదుపు తెలియకుండా తగ్గించాం. నాన్న ఎంత నెమ్మదిగా నడిపారంటే, వెనకొచ్చిన పశువుల లారీవాడు పక్కనుంచి పోతూ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటి పెద్దాయనా, లోపల పురిటి మనిషి ఉందా?" అని అరిచాడు. "కవలలు" అన్నారు నాన్న. ఆగిన ప్రతిచోటా గోనెలు తడపడం నా పని. తాగే నీళ్ళు వృథా అన్నానని నన్ను కసిరారు. ఆర్చ్ బాబాయి డెబ్బయ్యో పుట్టినరోజుకి నీ బీరు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాలి, అంతే. ముప్ఫై ఏళ్ళు నాన్నా, ఆయనా కలిసి ఆ మట్టిరోడ్లే చదును చేశారు కదా. ఆయన తప్ప ఇంకెవరూ లేనట్టు, దారంతా ఆయన మాటే.

కూపర్ వాగు దగ్గర ఆర్చ్ బాబాయీ, నోలా పిన్నీ మాకంటే ముందే చేరి గుడారం వేశారు. ఒక్క సీసా కూడా పగల్లేదు. నాన్న పెట్టె దింపి, నీడలో పెట్టి, నువ్వు చెప్పినట్టే రెండు రోజులు కదపలేదు. అడుగున మడ్డి పేరుకోవాలని ఎవర్నీ దాని పక్కనుంచి గట్టిగా నడవనివ్వలేదు కూడా.

"నా పుట్టినరోజా, ఆ సీసాలదా?" అని బాబాయి దెప్పాడు. "ఒరేయ్ లెస్, పబ్బులో బీరు తప్ప మిగతాదంతా కుడితి అనేవాడివి. ఇప్పుడేంటి ఈ పూజ?"

"నోరు మూసుకుని కూర్చో. మా అమ్మాయి చేసింది" అన్నారు నాన్న.

అక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక్కడ కలం ఆగిపోతోంది.

పుట్టినరోజు మధ్యాహ్నం, భోజనాలకి ముందు నాన్న ఒక సీసా తీశారు. మేజోడు లాగి నా చేతికిచ్చారు. రంగు చూద్దామని సీసాని వెలుతురుకేసి ఎత్తారు, ముఖానికి దగ్గరగా. మూత కూడా ముట్టుకోలేదక్కా. తుపాకీ పేలినట్టయింది. వాగులో కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. బాబాయి నిజంగానే ఎవరో కాల్చారనుకుని పిన్నిని కిందకి లాగాడు. నేను చూస్తే నాన్న అక్కడే నిలబడి ఉన్నారు. చేతిలో సీసా లేదు. ముఖమంతా నురగ. ఆ నురగ నా కళ్ళెదుటే ఎర్రబడింది.

నేనేం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు. మేజోడు పట్టుకుని నిలబడ్డాను. పిన్నే పరిగెత్తుకొచ్చింది. మణికట్టు దగ్గర తెగి రక్తం చిమ్ముతుంటే బాబాయి బెల్టు లాగి మోచేతి పైన బిగించింది. "బ్రోన్, ఇక్కడ నొక్కి పట్టుకో. నావైపు చూడు, ఆయన ముఖం వైపు చూడకు" అంది. అప్పుడు కదిలాను. చూడొద్దంది గానీ చూశాను. కుడి కన్ను.

బాబాయి ఉపగ్రహ ఫోనులో, విమానంలో వచ్చే డాక్టర్లతో మాట్లాడుతుండగానే పెట్టెలోంచి ఇంకో చప్పుడు. ఎవరూ ముట్టుకోలేదు. గోనె పైకెగిరి పడింది. మళ్ళీ ఇంకోటి. బాబాయి తన పరుపుచుట్ట దానిమీదకి విసిరేసి, పొడుగాటి తాడుకి కొక్కెం కట్టి, పెట్టెని దూరంనుంచే వాగు ఇసకలోకి లాక్కుపోయాడు. ఆ తర్వాత నాన్నని బండెక్కించాం. దగ్గర్లోని పశువుల ఎస్టేటుకి చిన్న విమానాల మైదానం ఉంది. అక్కడిదాకా అవే గతుకులు. ప్రతి కుదుపుకీ నాన్న పళ్ళు బిగపట్టడం నా భుజానికి తెలిసింది. ఒక్కసారే మాట్లాడారు. "పొద్దున ఆ సీసాని ఎండలో పెట్టి మర్చిపోయాను. నా బుద్ధి తక్కువ" అన్నారు.

అబద్ధం. పొద్దున గోనెలు తడిపింది నేనే. ఆ పెట్టె నీడలోంచి అంగుళం జరగలేదు. ఆయన తొడుగు లాగి ఇచ్చినప్పుడు ఆ ఉన్ని నా చేతికి చల్లగా తగిలింది.

విమానంలో తీసుకొచ్చాక, అడిలైడ్ ఆసుపత్రిలో ఇంకా విచిత్రం. ఊరగాయ ఉల్లిపాయల సీసా మూత తీస్తుంటే పగిలిందని చెప్పారు నాన్న. డాక్టరమ్మ గిన్నెలో గాజుముక్కలు చూపించి, "ఊరగాయలు ఇప్పుడు గోధుమరంగు సీసాల్లో వస్తున్నాయా?" అంది.

"మా వైపు వస్తాయమ్మా" అన్నారు నాన్న.

ఆమె వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నారు. "రోవెనాకి చెప్పకు. తెలిస్తే అది మళ్ళీ పీపా ముట్టుకోదు. ఒట్టు వెయ్యి" అన్నారు. వేశాను. ఆ మంచం మీద ఆయన్ని అలా చూస్తూ కాదనలేకపోయాను.

ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆయన చేతివేళ్ళు కదులుతున్నాయి. కుట్లు మానుతున్నాయి. కుడి కంటికి మాత్రం ఇక చూపు రాదన్నారు. ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట ఇదే.

ఎందుకు పేలిందో నాకంటే నీకే బాగా తెలుసు. పుట్టినరోజుకి అందాలని, పులియడం పూర్తిగా ఆగకముందే, లోపల ఇంకా గ్యాసు పుడుతుండగానే, వారం ముందుగా సీసాల్లో నింపానని నువ్వే రాశావు. నిన్ను నిందించడానికి ఇది రాయడం లేదు. ఆ బీరు కావాలని నాన్న తొందరపెట్టారు, మేమందరం చప్పట్లు కొట్టాం. కానీ అవే సీసాలు నీ గదిలో వరసగా ఉన్నాయి. నీ దగ్గర పనిచేసే వాళ్ళు వాటి మధ్యే తిరుగుతున్నారు. ఉత్సవంలో ఎవరో ఒకరు ఒక సీసా వెలుతురుకేసి ఎత్తుతారు. ఆ గదిని బాగా చల్లబరచకుండా లోపలికి పోకు. పోయినప్పుడు ముఖానికి గట్టి ముసుగు, చేతులకి తోలు తొడుగులు వేసుకో. ఒక్కదాన్నీ ఉంచకు.

నాకింకా నిద్రలో ఆ చప్పుడు వినిపిస్తోంది. నిన్న గ్రాంట్ సోడా సీసా మూత తిప్పితే బల్ల కిందకి దూరాను. పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్ళకే భయం వేసింది. నువ్వు రాగలిగితే రా. వచ్చి తిట్టు, ఏడువు, ఏదైనా సరే. నా పక్కన ఎవరైనా ఉంటే బాగుంటుంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు ఆసుపత్రికి వెళ్ళి, "నాన్నా, ఒట్టు తప్పుతున్నాను. అక్కకి అంతా రాస్తున్నాను" అని చెప్పాను. గోడకేసి తిరిగి పడుకున్నారు. కోపమొచ్చిందనుకుని లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి పిలిచారు.

"అంతా రాస్తావా?"

"అంతా."

"అయితే ఇదీ రాయి. పేలినప్పుడు కొంచెం నోట్లోకి పోయింది" అన్నారు. కట్టు లేని కన్ను నావైపు తిప్పారు. "చాలా బాగుంది. అంత మంచి బీరు నేనెప్పుడూ తాగలేదని రాయి."

ఇట్లు,
నీ చెల్లెలు,
బ్రోన్విన్