కలిదిండి లైను మీద పిడుగు

కలిదిండి, శనివారం.

అమ్మకు వందనాలు. ఫోనులో నీకు సగమే వినబడుతుందని కార్డు రాస్తున్నాను. మొన్న మధ్యాహ్నం పిడుగు పడిన మాట నిజమే. అది కరెంటు లైను మీద, నా మీద కాదు. స్తంభం మీద పింగాణీ ఇన్సులేటరు పగిలి, రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. ఆక్సిజన్ అందక రొయ్యలు పైకి తేలుతుంటే రైతులు నీళ్లలోకి దిగి చేతులతో చిలికారు. ఉరుములు తగ్గాక ఇన్సులేటరు మార్చి కరెంటు ఇప్పించాను. ఆ కంగారులో ఎవరూ స్విచ్చి కట్టేయలేదు. అన్నీ ఒకేసారి లేచేసరికి ఫ్యూజు పోయింది.

ఫ్యూజు మళ్లీ వేశాక, ఒక్కొక్కరే స్విచ్చి వేసుకునేలా ఈ ఊరి పాస్టరుగారు బ్యాటరీ మైకు పట్టుకుని, బడిలో హాజరు పిలిచినట్టు పిలిచారు.

“విశ్వాసం గారండీ, మీరు వేసుకోండి. పట్టాభిరామయ్య గారండీ, మీరు కాస్త ఆగండి.”

రొయ్యలు బతికాయి. పట్టాభిరామయ్యగారే ఇంకా పాస్టరుగారితో మాట్లాడటం లేదు.

నా రెండో ఖాకీ చొక్కా పంపించు. మోకాలికి నూనె రాస్తున్నావా?

పెంటపాడులో మీ సంఘమంతా వాన కోసం ఉపవాస ప్రార్థన చేస్తున్నారట. మీ ప్రార్థన ఇక్కడిదాకా వచ్చింది. ఇకమీదట అడిగేటప్పుడు ఉరుములు వద్దని విడిగా చెప్పండి.

నీ కొడుకు,
జీవరత్నం, లైన్‌మాన్