తేనె కలపని వెన్న

మదనపల్లె

అమ్మా ప్రిస్కిల్లా,

నిన్నూ బిడ్డనూ ప్రభువు కాయాల. మీ ఎదురింటి శరత్ బాబు పుంగనూరుకు వస్తాంటే ఆయన చేత బన్నులు పంపిస్తాండాను. పిండిని రెండుసార్లు పొంగనిచ్చి కాల్చినాను, దూది మాదిరి ఉండాయి. ఈసారి బన్నులకు పూసే వెన్నలో తేనె వేయలేదు, చక్కెరే కలిపినాను. యాల వేయలేదంటావేమో.

ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే ఒక్కోసారి ఒళ్లు చచ్చుబడతాదని నిన్న మా చర్చిలో నర్సమ్మ చెప్పింది. పొద్దున నీకు ఫోన్ చేసింది అందుకే. నీ గొంతు వినంగానే ఆ సంగతి వదిలేసి, బన్నుల మాట చెప్పి పెట్టేసినాను.

బిడ్డ పాలు బలంగా తాగుతాండాడా? రెప్పలు వాలిపోతాండాయా? ఏడుపు సన్నగా వస్తాండాదా? ఒక్కటి తేడాగా ఉన్నా ఆసుపత్రికి ఎత్తుకుపో. డాక్టరుకు తేనె సంగతి దాచొద్దు.

ఆరు నెలలు పాలు తప్ప ఏమీ వద్దని నువ్వు చెప్పే ఉంటివి. పోయిన ఆదివారం బిడ్డను చర్చిలో ప్రభువుకు ప్రతిష్ఠ చేసేదానికి నేను మీ ఊరికి వచ్చినప్పుడు, నువ్వు స్నానానికి పోతే, నోరు తీపి చేసేది నాయనమ్మే గదా అని బన్నులతో తెచ్చిన తేనె వెన్న వాడి నాలిక మీద పెట్టినాను. నవ్వినాడమ్మా. నా వేలు వదల్లేదు.

తిట్టేదానికైనా ఫోన్ చెయ్యి. వాడు గట్టిగా ఏడుస్తాంటే ముందు ఆ ఏడుపు వినిపించు.

మీ అత్త