తెర పక్క నుంచి ఒక్క మాట

జూన్ 3
ఈరోజూ స్కూల్‌కి లేటు. మా అమ్మాయి గువ్వ ఒక కాలికి సాక్స్ వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, దాని దారప్పోగు లాగుతూ కూర్చుంది. లే, సాక్స్, బూట్లు, జడ, బ్యాగ్, బాటిల్... అన్నీ ఒక్క గుక్కలో అరిచాను. ఏడ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల.

ఏడీహెచ్‌డీ అన్నారు డాక్టర్. ఏం చెయ్యాలో దానికి తెలుసట. మొదలుపెట్టడం, ఒకదాని తర్వాత ఒకటి అందుకోవడమే కష్టమట. బద్ధకం కాదట. నాకు అర్థమైంది. పొద్దున్న ఏడున్నరకి మాత్రం అర్థమైనవేవీ గుర్తుండవు.

జూన్ 5
మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీకి తెల్లారేసరికే వెళ్లిపోతుంది. వెళ్లేముందు గోడకి బొమ్మల చార్టు అంటించింది. బ్రష్, డ్రెస్, బూట్లు. గువ్వ చార్టు ముందు నిలబడి బ్రష్‌కి మీసాలు గీసింది. మీసాలు బాగా కుదిరాయి. మళ్లీ లేటు.

జూన్ 9, సాయంత్రం
క్లాస్ టీచర్ పిలిపించారు. పిల్లలంతా సముద్రం దగ్గర క్యాంపుకి వెళ్తున్నారు. తన పనులు తను చేసుకోగలిగితేనే గువ్వని తీసుకెళ్తానన్నారు. క్లాసంతా చూసుకోవాలి, ఒక్కదాని సాక్స్ దగ్గరే కూర్చోలేను అన్నారు. ఒళ్లు మండింది. ఆవిడ మాటలో తప్పేం కనపడక ఇంకా మండింది.

ఇంటికొస్తే గువ్వ అప్పుడే బ్యాగ్ సర్దేసింది. అందులో ఇసుక బకెట్ తప్ప ఇంకేమీ లేదు.

జూన్ 12
నాటకం రిహార్సల్‌లో పరువు పోయింది. తెర పక్కన కుర్చీలో కూర్చుని, మాట మరిచిన నటుడికి మాట అందించే ప్రాంప్టర్ ఉద్యోగం నాది. మొదటి మాట ఒక్కటే ఇవ్వాలి. మిగతాది అతనే అందుకుంటాడు. ఈరోజు పరధ్యానంలో డైలాగు మొత్తం చదివేశాను. రాజు వేషం ఆయన నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. తర్వాత వచ్చి దులిపేశాడు. నీ గొంతు వింటూ నా గొంతు పోగొట్టుకున్నానయ్యా అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో ఉన్నట్టుండి ఆగిపోయాను. గువ్వకి రోజూ నేను డైలాగు మొత్తం చదువుతున్నాను.

జూన్ 13
గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. గువ్వ తయారవుతూ మధ్యలో ఆగింది. నేనూ ఆగాను, పళ్లు కొరుక్కుంటూ. నటుడు మరిచాడా, కావాలని ఆగాడా అన్నది మెడ బిగువు చూస్తే తెలిసిపోతుంది. గువ్వ మెడ చూశాను. మరిచింది. మెల్లగా సాక్స్ అన్నాను. వేసుకుంది!

లేటే అయింది. కానీ ఎవరూ ఏడవలేదు.

జూన్ 17
రెండే మాటలతో గట్టెక్కాం.

జూన్ 18
ఘోరం. బోలెడన్ని మాటలు, ఒక అరుపు. సారీ చెప్పాను. ప్రాంప్టర్లు అరవకూడదు కదా నాన్నా అంది.

జూన్ 24
టీచర్‌కి కుర్చీ సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఒక్క మాటైతే నేనూ ఇవ్వగలను, పంపండి అన్నారు. గువ్వ ఇల్లంతా గంతులేసింది. నాకే భయం. అక్కడ దాని మెడ ఎవరు చూస్తారు?

జూలై 1
క్యాంపు నుంచి టీచర్ ఫోన్. గువ్వ పొద్దున్న సాక్స్ పట్టుకుని ఆగిపోయిందట. ఆవిడ మాట అందించేలోపే అది పక్కకి తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలా గొంతు బొంగురు చేసి, సాక్స్ అని తనకి తనే చెప్పుకుందట. అందరికంటే చివర వచ్చిందట, బకెట్‌తో సహా. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

జూలై 2, ఉదయం
ఖాళీ ఇల్లు. అదే కుర్చీ. రిహార్సల్‌కి టైమైపోతోంది. లేవాలని తెలుసు. లేవలేకపోతున్నాను.

చివరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గువ్వ గొంతుతో, బూట్లు అన్నాను.