వెన్నిచ్చే మనిషి

అరకు కొండలు,
9 అక్టోబరు 1927

నా తల్లి తరవాత తల్లివైన సత్యం అప్పకు,

బావగారి కాళ్ళు పట్టుకునైనా నన్ను ఈ కొండ దింపించు. విజయనగరంలో ఆయా పనైనా సరే. కారణం చెబుతాను, నవ్వకు.

ఇక్కడి కొండవాళ్ళలో ఆడది ఒంటరిగా కనదు. నొప్పులు రాగానే అయినవాళ్ళలో ఒకామె వచ్చి వీపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. వెన్నివ్వడం అంటారు దాన్ని. బిడ్డ బయటపడేదాకా ఆమె లేవకూడదు, ఇల్లు కాలిపోతున్నా సరే. మా ఆసుపత్రిలో అవేమీ కుదరవు. కానుపు గదిలోకి బయటివాళ్ళు రాకూడదని డాక్టరు సర్వేశ్వరరావుగారి ఆర్డరు. నేను మాత్రం తక్కువ తిన్నానా? పరీక్ష ప్యాసైన నర్సునని నా పొగరు నాది.

శ్రావణంలో సోములమ్మ అనే గుంట తొలి కానుపుకు వచ్చింది. వెంట వచ్చిన అత్తను బయటికి తోసేశాను. పిల్లను ఇనప మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, "నోరు ముయ్యి" అని కసిరి, తలుపుకి గొళ్ళెం పెట్టి భోజనానికి వెళ్ళాను. వాన, చలి. కన్ను అంటుకుంది. తిరిగొచ్చేసరికి అది మంచం మీద కూర్చునే చచ్చిపోయి ఉంది. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. డాక్టరుగారు అడిగితే "పక్కనే ఉన్నానండీ" అన్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ తెలీదు.

ఆ తరవాత అదే మంచం మీద ముగ్గురు కన్నారు. ముగ్గురూ నేను చెప్పినా వినక లేచి కూర్చుని వెనక్కి ఆనుకున్నారు. వెనక ఏమీ లేదప్పా! అయినా పడిపోలేదు. మూడోసారి ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. అక్కడ దుప్పటి చెమటతో తడిసి ఉంది. "ఎవరే నీ వెనక?" అంటే, "ఎవురో ఉన్నారమ్మా" అంది.

నాకు భయంగా ఉంది. అది సోములమ్మే, నాకోసమే వచ్చింది. బేగి ఏదో ఒకటి చెయ్యి.

నీ చెల్లెలు
అచ్చియమ్మ

21 అక్టోబరు

అప్పా,

బావగారిని ఆపు. బదిలీ వద్దు.

ఈ పొద్దున గంగ అనే ఆమె నొప్పులతో వచ్చింది, తోడు మేనత్త యర్రమ్మ. మళ్ళీ గొళ్ళెం పెట్టాను, సిగ్గులేనిదాన్ని. గంగ కూడా అలాగే గాలికి ఆనుకుంది. కాసేపటికి ముఖం నల్లబడిపోయి, "బరువమ్మా, మొయ్యలేను" అని మూలగడం మొదలుపెట్టింది. ఇదీ పోతుందనుకున్నాను. ఆర్డరూ లేదు, గీర్డరూ లేదని తలుపు తీసి యర్రమ్మను పిలిచాను.

ముసలామె మంచం కేసి చూసి ఆగిపోయింది. "ఈడ ఒక్కర్తే సచ్చిందెవురమ్మా?" అంది. చెప్పేశాను. నిద్రపోయిన సంగతీ, ఆ తరవాత కన్న ముగ్గురి సంగతీ కూడా.

"అది ఈల్లకి వెన్నిత్తందనుకున్నావేటి? నేదమ్మా. ఈల్లే దానికి వెన్నిత్తన్నారు. అది ఇంకా కంటానే ఉంది."

ఏం చెయ్యమన్నావని అడిగాను.

"ఈ గుంట నాది, నాను సూసుకుంటాను. అది నీది. దీని కానుపవనీ, ఎల్లి కూకో."

గంగను కిందికి దింపి చాప మీద కూర్చోబెట్టాం. యర్రమ్మ వెన్నిచ్చింది. గంటలోపే ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. డాక్టరుగారు వచ్చి ఇదేమిటని గద్దించారు. సోములమ్మ సంగతి ఆయనకూ చెప్పేశాను. నా ఉద్యోగం సంగతి రేపు తేలుస్తానన్నారు. తేల్చనీ.

తరవాత ఆ మంచం ఎక్కి, ఖాళీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను. మొదట వీపుకి ఏమీ తగల్లేదు. తరవాత వెచ్చగా తగిలింది, మెల్లగా ఆనింది. ఎంత బరువప్పా ఆ పిల్ల! "నేనున్నానే సోములమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఈ ఉత్తరం ఇక్కడే కూర్చుని ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. వెనకనుంచి కుదుపు వస్తోంది. ఇందాకటికంటే ఇప్పుడు నొప్పులు దగ్గరపడ్డాయి.

నీ
అచ్చి