మేనమామ భోజనం

మిర్యాలగూడ

కోదాడలో ఉన్న మా వదినగారికి,

మీ అమ్మాయి లహరి పెళ్లికి మేనమామే రానన్నాడని మీరు నొచ్చుకున్నారట. మీ తమ్ముడికి మీ మీద కోపమేమీ లేదు. ఎండాకాలంలో సూర్యాపేటలో కింది దవడకు ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్నప్పుడు స్క్రూ లోపలి నరానికి తగిలింది. డాక్టరు దాన్ని తీసేశారు గానీ, పెదవి ఇంకా మొద్దుబారే ఉంది. స్పర్శ మెల్లగా రావచ్చట, రాకపోనూ వచ్చట. పెదవికి మెతుకు అంటినా ఆయనకు తెలియదు. ఒక విందులో ఎవరో నవ్వారు. అప్పటి నుంచి నలుగురిలో తినడం మానేశారు.

ఇంట్లో నేను ఎదురుగా కూర్చుంటాను. మెతుకు కనబడితే నా పెదవి తుడుచుకుంటాను, ఆయన చూసి తనదీ తుడుచుకుంటారు. నిన్న మళ్లీ పెళ్లి మాటెత్తితే, "నువ్వు ఎదురుంగ కూసుంటనంటే వస్త. అక్కకు నువ్వే రాయి, నాకు సిగ్గయితది" అన్నారు.

అందుకే వదినా, ఆడవాళ్ల బంతి, మగవాళ్ల బంతి అని చూడకుండా మా ఇద్దరికీ ఎదురెదురుగా విస్తళ్లు వేయించండి. ఎవరైనా వింతగా చూస్తే, మొగుణ్ణి విడిచి ఒక్క పూట ఉండలేని మనిషని నా మీదే చెప్పండి.

మీ మరదలు